పార్వతి నెవరడిగిరి?

బేగంబజారులోని మా గృహమున మొన్న రాత్రి, 1953లో వేదాంతం రాఘవయ్యగారు తీసిన 'దేవదాసు'ను మరల చూచితిమి. 1974లో విజయనిర్మలగారు తీసినదియు, 2002లో హిందీయందు భన్సాలీగారు తీసినదియు ఇదివరకే చూచియుంటిమి. క్రొత్తవానియందు రంగులు మిక్కుటము. సావిత్రిగారి మౌనము మాత్రము మరల లభింపలేదు. శరత్‌బాబు 1917నాటి నవలలో కలిసికొననే కలిసికొనని పార్వతీ చంద్రముఖులచే భన్సాలీగారు నాట్యమే చేయించిరి. ఎన్ని మారినను ఒక్కటి మారలేదు: పార్వతిని వేరొకరికిచ్చునపుడు ఆమె ఇష్టము నడిగినవారు లేరు.

చిత్రము ముగియగానే మా చిన్న ఆడుబిడ్డ, "వదినా, నన్ను మాత్ర మెవరడిగినారు?" అనెను. ఆమెకు సంబంధము నిశ్చయమై పదిదినములైనది. నిజమే, మేమును అడుగలేదు. ఆ రాత్రియే వంటయింట కూర్చుండి అడిగితిమి. తెల్లవారగనే మావారు వరునివారిని గడువు కోరిరి.