గుత్తి పేరు మోస్తున్న సాలీడు

ఈ ఏడు ఎల్.టి.సి.పై ఊటీకి వెళ్ళక గుత్తికి వెళ్ళామంటే సహోద్యోగులు నవ్వారు. కారకుడు మా అబ్బాయి. విదేశంలో ఉన్న మేనమామ వాడికొక ఫోటో పంపాడు. పొరుగింటివారి గాజుపెట్టెలో, నిలువుగా ఆనించిన బెరడుపై, మెరిసే నీలిరంగుతో అరచేయంత సాలీడు! దాని పేరులో గుత్తి ఉన్నదని తెలిసినది మొదలు వాడు మమ్ములను నిలువనీయలేదు.

కోట చూచి దిగివచ్చి టీ దుకాణంలో విచారించాము. "కోట కోసం వస్తారు గానీ, సాలీడు కోసం వచ్చింది మీరే సార్" అన్నాడు దుకాణదారు. అతని తప్పేమీ లేదు. 1899లో అది దొరికినది ఇచ్చటి రైల్వే కలప యార్డులో. ఆ ఏడే పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని పోసిలోథీరియా మెటాలికాగా వర్ణించాడు. కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని భావిస్తారు. అటుపిమ్మట నూరేళ్ళకు పైగా జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో మరల కనబడింది.

కనుక మేమూ నంద్యాలలో గిద్దలూరు రైలెక్కాము. గాజులపల్లి దాటగానే నల్లమల దగ్గరైంది. కిటికీ వద్ద కూర్చున్న అబ్బాయి ప్రతి ముసలి చెట్టులోనూ తొర్ర వెదికాడు. ఈ సాలీడు నివాసం తొర్రలే. అందుకే పెంచేవారు పెట్టె వెడల్పు కన్న ఎత్తు చూచుకుంటారు. నీటిగిన్నె, తినడానికి కీచురాళ్ళు ఉంచుతారు. చేతిలోకి తీసుకోరాదు. మిక్కిలి వేగం కలది, కాటు తీవ్రమైన బాధ కలిగిస్తుంది.

"మనమూ ఒకటి పెంచుకుందామా, నాన్నగారూ?" అన్నాడు.

వెంటనే జవాబు తోచలేదు. విదేశాలలోని గాజుపెట్టెలలో పుట్టి పెరుగుతున్న వాటి పూర్వీకులన్నీ ఈ అడవివే. అడవిలో మిగిలిన తావు నూరు చదరపు కిలోమీటర్ల లోపే. చెట్లు నరికితే తొర్రలూ పోతాయి. 2008లోనే దీనిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతిగా గుర్తించారు. 2019 నుండి దేశాల మధ్య వ్యాపారంపై నియంత్రణ కూడ ఉన్నది. ఇవన్నీ చెప్పాము. "అయితే అడవిలోనే చూద్దాం" అన్నాడు.

గిద్దలూరులో దిగేసరికి చీకటి పడింది. సాలీడు తొర్ర వీడి బయటికి వచ్చే వేళ అదే. రిజర్వు అడవిలోనికి రాత్రివేళ మనవంటివారికి ప్రవేశం లేదు. సంచిలో పెట్టుకొని వచ్చిన టార్చిలైటును అబ్బాయి ప్లాట్‌ఫారం చివరనున్న వేపచెట్టుపై వేసి చూచాడు. రెండు బల్లులు కనబడినాయి.