నందికొట్కూరు: నీళ్లు దిగిన నాలుగు నెలలు

సంగమేశ్వరానికి ఎప్పుడు పోతే బాగుంటుందని నందికొట్కూరు పటేల్ సెంటర్‌లో ఎవరినడిగినా తేదీ చెప్పరు. "నీళ్లు దిగినాయో లేదో కనుక్కోని పోండి సార్" అంటారు. అక్కడి సంగమేశ్వర స్వామి దర్శనానికి తిథి వార నక్షత్రాలు చాలవు. శ్రీశైలం జలాశయంలో నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయన్నదే ముహూర్తం. జలాశయం నిండుమట్టం 885 అడుగులు. వానాకాలంలో కృష్ణమ్మ పొంగివచ్చి ఆ గుర్తుకు చేరువైతే గుడి శిఖరంతో సహా మునిగిపోతుంది. ఎండలు ముదిరే వేళకు మళ్లీ బయటపడుతుంది. కొన్నేళ్లు నాలుగు నెలలు కనిపిస్తుంది, కొన్నేళ్లు అంతకన్నా తక్కువ.

మా మేనత్తను ఇచ్చింది ఈ చుట్టుపక్కల పల్లెకే. ఎండాకాలం సెలవులకు కర్నూలు నుంచి బస్సెక్కితే గంటకు పైగా ప్రయాణం. కిటికీ బయట నల్లరేగడి నేల, మిరప కల్లాలు, జొన్న చొప్ప వాములు, మధ్యలో ఒక్కసారిగా కర్నూలు-కడప (కేసీ) కాలువ. బస్సులో ఎవరో ఒకరు కాలువలోకి రూపాయి విసిరి దండం పెట్టుకునేవారు. అప్పట్లో అది దేవుడి మీద భక్తి అనుకున్నాను. నీళ్ల మీద భక్తి అని తర్వాత తెలిసింది.

నందికొట్కూరు కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా గుంటూరు పోయే దారిలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు నంద్యాల జిల్లాలో చేరింది కానీ ఆస్పత్రికైనా, కాలేజీకైనా, పెళ్లి బట్టలకైనా జనం కర్నూలుకే పోతారు. కేసీ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, పడవలు తిప్పి లాభాలు తీయాలనుకుంది, నష్టపోయింది. 1882లో సర్కారు కొనేసింది. ఈనాటికీ ఈ ప్రాంతం నీళ్ల కూడలే. పోతిరెడ్డిపాడు గేట్లు, బానకచెర్ల తూములు, హంద్రీ-నీవా ఎత్తిపోతల తొలి పంపులున్న మల్యాల, అన్నీ ఈ చుట్టుపక్కలే. వందల కిలోమీటర్ల అవతలున్న కుప్పం దాకా పోయే నీళ్లకు ఇక్కడే మొదటి అడుగు.

ఓర్వకల్లు రన్‌వే

ఈ ప్రాంతానికి ఇప్పుడు గాలిదారి కూడా ఉంది. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చి 25న మొదలైంది. మూడు రోజుల తర్వాత బెంగళూరు నుంచి తొలి ఇండిగో విమానం దిగింది. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 1846లో ఈస్టిండియా కుంపెనీ మీద తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఈ సీమ బిడ్డ ఆయన. రన్‌వే రెండు కిలోమీటర్లు, ఏటీఆర్ లాంటి చిన్న విమానాలకు సరిపోతుంది. కేంద్రం 2016లో తెచ్చిన ఉడాన్ పథకం కింద ఈ సర్వీసులు వచ్చాయి. ఆ పథకంలో సగం సీట్లకు, గంట ప్రయాణానికి 2,500 రూపాయల లెక్కన ధరకు హద్దు పెట్టారు. వచ్చే నష్టాన్ని మూడేళ్లపాటు సర్కారు పూడుస్తుంది. ఆ తర్వాత విమానం నిలబడాలంటే ఎక్కే జనం కావాలి.

ఎవరెక్కుతారు? కర్నూలు వ్యాపారస్తులు, ఆఫీసు పనులవాళ్లు ఎక్కుతారు. వాళ్లతో పాటు యాత్రికులు కూడా వస్తేనే ఇలాంటి చిన్న విమానాశ్రయం బతుకుతుంది. నేను బెంగళూరు నుంచి వచ్చి దిగిన రోజు, బయటికి రాగానే ఎదురుగా ఎర్రటి రాళ్లగుట్టలు, ఎండ, నాలుగు టాక్సీలు. నందికొట్కూరు వైపు బస్సు కోసం అడిగితే, "కర్నూలుకు పోయి మారాల" అన్నాడు ఒక డ్రైవరన్న. గాల్లో గంటసేపు వచ్చి, నేల మీద అంతకు రెట్టింపు సేపు పట్టింది. విమానంలో నా పక్కన కూర్చున్న దంపతులు టాక్సీ మాట్లాడుకుని ఓర్వకల్లు రాక్‌గార్డెన్ చూసి, సాయంత్రానికి కర్నూలు హోటల్‌కు పోయారు. బాహుబలి షూటింగ్ జరిగిన చోటు కదా, తప్పులేదు. కానీ వాళ్లు ఖర్చుపెట్టిన రూపాయిలో ఒక్క పైసా కూడా ఈ పల్లెల దాకా రాలేదు. నా బాధ అదే.

భూటాన్ సంగతి గుర్తొస్తుంది. ఆ చిన్న కొండదేశం 1974లో పర్యాటకులకు తలుపు తీసింది. పారో లోయలోని విమానాశ్రయానికి 1983లో సొంత విమానం మొదలుపెట్టింది. అయినా జనాన్ని గుంపులుగా రమ్మనలేదు. ఇప్పుడు విదేశీయుడు రాత్రికి 100 డాలర్లు, మనవాళ్లు 1,200 రూపాయలు రుసుము కడితేనే ఉండనిస్తుంది. ఆ రుసుము మనకు సాధ్యం కాదు, అక్కర్లేదు కూడా. వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది: ఎంతమంది వస్తారని కాకుండా, వచ్చినవాళ్లు ఎన్ని రోజులుంటారు, ఎవరింట్లో తింటారు అని ముందు ఆలోచించడం.

సంగమేశ్వరం

నేను పోయింది ఏప్రిల్ రెండో వారంలో. కొత్తపల్లె మండలం వైపు రోడ్డు దిగాక చివరి దారంతా మన్నే. ఒడ్డుకు చేరగానే మొదట కంటపడింది గుడి కాదు, నెర్రెలు విచ్చిన ఒండ్రు. నెలల తరబడి నీళ్ల కింద పడున్న మట్టి ఎండి, పలకలు పలకలుగా లేచింది. అడుగేస్తే కింద నత్తగుల్లలు కరకరమంటాయి. చెప్పులు విప్పి నడిస్తే అరికాళ్లు కాలుతాయి, విప్పకుండా నడవడానికి మనసొప్పదు. అందరూ పరుగులాంటి నడకతో గుడి నీడకు చేరుకుంటున్నారు.

చుట్టూ ప్రహరీ చాలావరకు కూలిపోయింది. స్తంభాలు పడిపోయి బురదలో సగం పూడి ఉన్నాయి. గర్భాలయం మాత్రం నిలబడింది. గోడల మీద ఒకదాని కింద ఒకటిగా తెల్లటి చారలు. నీళ్లు ఏ రోజుకారోజు ఎక్కడ ఆగాయో గోడే రాసిపెట్టుకుంది. లోపల చల్లగా, చీకటిగా, తడిసిన చెక్క వాసనగా ఉంది. స్వామి రాయి కాదు, వేపమొద్దు. వేపదారు లింగమంటారు. దీపం వెలుగులో అది నల్లగా, నున్నగా, నీళ్లు తాగిన పాత దూలంలా మెరుస్తుంది. ఏడాదికి ఎనిమిది నెలలు నీళ్లలో నానే కర్ర ఇన్నేళ్లు ఎలా నిలిచిందని భక్తులు చెయ్యెత్తి మొక్కుతారు. పూర్తిగా మునిగున్న కర్రకు గాలి తగలదు కాబట్టి తొందరగా పుచ్చదని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి తెలిసీ నేను మొక్కాను.

వేపమొద్దు ఎందుకంటే, ధర్మరాజు ఇక్కడ శివుణ్ని ప్రతిష్ఠించాలనుకుని లింగం కోసం భీముణ్ని కాశీకి పంపాడట. ముహూర్తం దాటిపోతున్నా భీముడు రాలేదు. రుషుల మాట మీద వేపమొద్దునే లింగంగా నిలిపారు. ఆలస్యంగా వచ్చిన భీముడు కోపంతో తెచ్చిన లింగాన్ని విసిరికొట్టాడు. తమ్ముణ్ని చల్లబరచడానికి, ముందు భీమలింగానికి దండం పెట్టాకే సంగమేశ్వరుడి దగ్గరికి రావాలని ధర్మరాజు మాటిచ్చాడని ఇక్కడి కథ. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాసి: ఏడు నదులు కలిసే చోటంటారు. అందులో భవనాసిది మగ పేరని చెప్పి అర్చకులు నవ్వుతారు.

శ్రీశైలం డ్యాం నిండినప్పుడు, 1980ల మొదట్లో, వందకు పైగా ఊళ్లు ఈ నీళ్ల కింద పోయాయి. కొన్ని గుళ్లను కాపాడారు. రూపాల సంగమేశ్వరాన్ని రాయిరాయిగా విప్పి కర్నూలు జగన్నాథగట్టు మీద కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాన్ని అలంపురానికి తరలించారు. ఈ వేపదారు సంగమేశ్వరుడు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాడు. ఇరవై ఏళ్లకు పైగా కంటికి కనపడకుండా ఉండి, 2003 ప్రాంతంలో నీళ్లు బాగా అడుగంటినప్పుడు మళ్లీ బయటపడ్డాడు. అప్పటి నుంచి శిఖరం మునిగే రోజు దాకా పడవలో వచ్చి మరీ హారతిస్తారు.

గుడి మెట్ల దగ్గర ఒక ముసలమ్మ టవల్ నెత్తిన కప్పుకుని కూర్చుంది. ఏ ఊరమ్మా అంటే నందికొట్కూరు దగ్గర కాలనీ పేరు చెప్పి, వెంటనే దిద్దుకుంది. "అది ఇప్పటి ఊరు నాయనా. మాది ఇక్కడే." చెయ్యి చాపి దూరంగా ఒక మిట్ట చూపించింది. "ఆడ మా చింతచెట్టు. ఆ పక్క మా పశువుల కొట్టం. నీళ్లు దిగినప్పుడల్లా వస్తా." నేను చూసినంత మేరా మట్టి తప్ప ఏమీ లేదు. ఆమె మాత్రం ఇల్లు ఇల్లూ వరుసగా చెప్పుకుపోయింది, వీధి పేర్లతో సహా. పక్కనున్న మనవడు ఫోన్‌లో గుడి ముందు ఫొటో తీసుకుంటున్నాడు. ఆమె చెప్పినదాన్ని ఎవరైనా ఒక పెద్ద కాగితం మీద పటంగా గీసి, ఒడ్డున నిలబెడితే చాలు. కోట్ల ఖర్చు అక్కర్లేదు. వచ్చిన యాత్రికుడికి తాను ఏ ఊరి మీద నడుస్తున్నాడో తెలుస్తుంది.

ఒడ్డున గుడిసెలు వేసుకున్న జాలర్లు ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్ల పడవల మీదే యాత్రికులు నదిలో చక్కర్లు కొడతారు. ఆ పడవలో ఎక్కిన ప్రతిమనిషికీ లైఫ్ జాకెట్ ఉండితీరాలి. 2007 జనవరిలో ఈ నీళ్లలోనే పడవ మునిగి 61 మంది చనిపోయారు. అవతలి ఒడ్డు సోమశిలకు తీగల వంతెన కట్టడానికి 2022లో కేంద్రం 1,082 కోట్లు మంజూరు చేసింది. అది పూర్తయితే హైదరాబాద్ కార్లు నేరుగా ఇక్కడికి దిగుతాయి. వంతెన రావాలి, చచ్చిపోయినవాళ్ల ఊళ్లు ఎన్నేళ్లుగానో అడుగుతున్నాయి. కానీ అన్ని కార్లు ఈ ఒండ్రు మీదికి రాకుండా, ఒడ్డున ఎక్కడ ఆపాలో, చెత్త ఎక్కడ వేయాలో, మరుగుదొడ్డి ఎక్కడ కట్టాలో వంతెనకు ముందే తేలాలి. నీళ్లు మళ్లీ పెరిగినప్పుడు ఒడ్డున వదిలిన ప్రతి ప్లాస్టిక్ సీసా సీమ తాగే నీళ్లలోకే పోతుంది.

రోళ్లపాడు

మిడుతూరు మండలంలోని రోళ్లపాడు గడ్డినేలను 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. మీటరు ఎత్తు, పదిహేను కిలోల దాకా బరువు తూగే ఆ పక్షి ఎగిరే పక్షుల్లో అతి బరువైన వాటిలో ఒకటి. గూడు కట్టదు, వట్టినేల మీదే ఒక్క గుడ్డు పెడుతుంది. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఇక్కడే ఏళ్ల తరబడి మకాం వేసి దాన్ని పరిశీలించారు. కాలువ నీళ్లొచ్చి జొన్న, కొర్ర చేల స్థానంలో వేరే పైర్లు వచ్చాయి, గడ్డి తగ్గింది, కరెంటు తీగలు పెరిగాయి. బట్టమేక కనుమరుగైంది. నీళ్లు కావాలని మొక్కిన ప్రాంతానికి ఆ నీళ్లే ఒక పక్షిని దూరం చేశాయంటే, ఎవరిని తప్పుపట్టగలం?

కృష్ణజింకలు మాత్రం బాగా పెరిగాయి. పొద్దునపూట గుంపులుగా దూకుతూ పోతుంటే కన్ను తిప్పుకోలేం. రాత్రయితే అవే చేలల్లో పడతాయని రైతులు చెప్తారు, వాళ్ల నష్టం నిజం. చలికాలంలో మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి పిల్లిగద్దలు ఇక్కడికొస్తాయి. ఒకప్పుడు వందల సంఖ్యలో పొద్దుగూకే వేళ ఈ గడ్డిలో దిగేవి. బెంగళూరు, చెన్నై పక్షి ప్రేమికులు వీటికోసమే విమానం ఎక్కి వస్తారు, చెప్పేవాడుంటే. ఊరి కుర్రాళ్లకు బైనాక్యులర్లు, నాలుగు పక్షి పుస్తకాలు ఇచ్చి తర్ఫీదు ఇస్తే, జింకల వల్ల పోయిన పంటలో కొంతైనా ఇంటికి తిరిగొస్తుంది.

మిగిలినవి

శివపురం దగ్గర నల్లమల అంచున కొలనుభారతి అనే సరస్వతి గుడి ఉంది. సరస్వతీ దేవికి గుళ్లు మనకు తక్కువ. ఇక్కడ అక్షరాభ్యాసాలకు పిల్లల్ని ఎత్తుకొస్తారు. పక్కనే సప్త శివాలయాలు. ఆత్మకూరు దాటితే బైర్లూటిలో అటవీశాఖ జంగిల్ క్యాంపు, అక్కడ చెంచు యువకులు దారి చూపుతారు. పులుల అడవి కాబట్టి ఆ రోడ్డు మీద రాత్రిళ్లు బండ్లు ఆపేస్తారు. చీకటి పడకముందే చేరుకోవాలి.

తిండి: పొద్దున ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం జొన్నరొట్టె, పుండుకూర పప్పు. మా మేనత్త రొట్టె తట్టే చప్పుడు వీధి చివరికి వినిపించేది.

2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ నడిపి చూశారు. ఏనాడైనా అది సంగమేశ్వరం మీదుగా ఎగురుతుందేమో. ఇప్పటికి మాత్రం కర్నూలు నుంచి నందికొట్కూరుకు బస్సులు పుష్కలం, అక్కడి నుంచి సంగమేశ్వరానికి ఆటో మాట్లాడుకోవాలి. నీళ్ల సీసా, టోపీ, టవల్ దగ్గరుంచుకోండి. రోళ్లపాడుకైతే డిసెంబరు, జనవరి. గుడికైతే మార్చి తర్వాత పేపర్లో శ్రీశైలం నీటిమట్టం చూసి బయలుదేరండి.