సముద్రంలో పొద్దుగుంకని ఊరు

ఫొటోగ్రఫీ కోర్సుల ప్రకటనలన్నింటిలోనూ ఒకే కొండ కనబడుతుంది. కొండ కింద సరస్సు, సరస్సు ఒడ్డున ట్రైపాడ్ వేసుకుని అటు తిరిగి నిలబడ్డ కుర్రాడు. గుడివాడలో డిగ్రీ చదివే మా మేనల్లుడు అలాంటివి అరడజను వాట్సాప్‌లో పంపి, "మావయ్యా, వీటిలో దేన్లో చేరమంటావు? ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చట" అని అడిగాడు. చెయ్యొచ్చు గానీ ఆ కొండ మాత్రం మావాడికి దొరకదు. గుడివాడ నుంచి బందరు దాకా, బందరు నుంచి హంసలదీవి దాకా ఎటు చూసినా పలకలాంటి నేల. వరి, కాలవలు, చేపల చెరువులు, చివరికి మడ అడవులు, ఆపైన సముద్రం. తల ఎత్తి చూడాల్సినవి గాలిగోపురాలూ సెల్ టవర్లే.

ఉత్తరాల మీద ఫొటోగ్రఫీ నేర్పడం కొత్తేమీ కాదు. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫొటోగ్రఫీ 1910లోనే పుట్టింది. పాఠాలు పోస్టులో వెళ్ళేవి, విద్యార్థి తీసిన ఫొటోలు పోస్టులో వచ్చేవి. తర్వాతి రోజుల్లో గురువుగారు ఆ ఫొటోలు ముందు పెట్టుకుని తప్పొప్పులు క్యాసెట్‌లో మాట్లాడి పంపేవారు. అదే 1910లో బందరులో కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్ర జాతీయ కళాశాల తెరిచారు. సుమారు ఆ రోజుల్లోనే, 1869లో బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసు మౌంట్‌రోడ్డులో నడుపుకుంటున్న ఫొటో స్టూడియోను తాకట్టు పెట్టి, బొమ్మా మాటా కలిపి వినిపించే క్రోనో మెగాఫోన్ తెప్పించి ఊరూరా ప్రదర్శనలిచ్చారంటారు. ఆయన మీసాలైనా రాని వయసులో ఊరు వదిలి మద్రాసు చేరినవారు. కొడుకు ప్రకాశ్‌నైతే సినిమా పని నేర్చుకోమని ఏకంగా లండన్ పంపారు. 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' అలా వచ్చింది. లోకం ఆయన్ని తెలుగు సినిమాకి పితామహుడంటుంది. నా లెక్కలో ఆయన ముందు బందరు ఫొటోగ్రాఫరు. ఆ కాలంలో విద్య దగ్గరికి మనిషి వెళ్ళేవాడు. ఇప్పుడు విద్యే ఫోన్లోకి వస్తానంటోంది.

మా చిన్నప్పుడు ఈ రెండింటికీ మధ్యదారి ఒకటుండేది, స్టూడియోలో చేరడం. మొదట ఊడ్చాలి, టీలు తేవాలి, హైపో కలపాలి, తడి ప్రింట్లు క్లిప్పులకి ఆరేయాలి. ఏడాది పోయాక నెగెటివ్ టచింగ్. ముఖం మీద నల్లమచ్చ నెగెటివ్‌లో తేలిగ్గా, ఖాళీగా ఉంటుంది. సూదిలా చెక్కిన పెన్సిలుతో ఆ ఖాళీని చుక్కలు చుక్కలుగా పూడిస్తే ప్రింటులో చర్మం నున్నగా వస్తుంది. ఎక్కువ పూడిస్తే పెళ్ళికూతురికి బొల్లి మచ్చ. అప్పుడు వెనకనుంచి మొట్టికాయ. కెమెరా ముట్టుకోనివ్వడానికి ఎన్నేళ్ళు పట్టినా, ఆ మొట్టికాయ మాత్రం చేరిన రోజునుంచీ ఉచితం.

అల్లుడికి అదే చెప్పాను. "వీడియోలు ఎన్ని గంటలున్నాయని చూడకు. నువ్వు తీసిన ఫొటో ఎవడు చూస్తాడు, చూసి ఏం చెబుతాడు, ఎన్నాళ్ళకి చెబుతాడు? అది అడుగు." షట్టరు, అపర్చరు, ఐఎస్‌ఓ సంగతి తెలుగులోనే కావలసినంత మంది యూట్యూబులో చెబుతున్నారు. దానికి వేలు పోయడం దండగ. మన ఫొటోలో తల వెనక కరెంటు స్తంభం మొలిచిందని చెప్పే మనిషికి డబ్బివ్వాలి.

ఈ లెక్కన చూస్తే కోర్సుల రంగు తేలిపోతుంది. కోర్సెరాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీవాళ్ళది ఒకటుంది, సెల్‌ఫోన్ నుంచి పెద్ద కెమెరా దాకా వరసగా నేర్పుతుంది. అందులో మన పని దిద్దేది తోటి విద్యార్థులే. ఒకడు ఓపిగ్గా పేరా రాస్తాడు, ఇంకొకడు 'నైస్' అని పోతాడు. అదే చోట న్యూయార్క్ మోమా మ్యూజియంవాళ్ళు నడిపేది మరో తరహా. కెమెరా మీటలు నేర్పరు, ఫొటోని చూడడం నేర్పుతారు. నన్నడిగితే మొదట అదే చెయ్యమంటాను. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కూడా 2017 నుంచి పొట్టి కోర్సులు పెడుతోంది. నాలుగేళ్ళు కూర్చుని చదివే ఓపిక ఉంటే హైదరాబాదులోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది, కాకపోతే అది దూరవిద్య కాదు, ఊరు కదలాల్సిందే.

ఇక సర్టిఫికెట్. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పెట్టింది మనవాళ్ళే, ఇప్పుడది అంబేడ్కర్ పేరున ఉంది. అంచేత దూరవిద్య డిగ్రీని చులకనగా మాట్లాడే అలవాటు నాకు లేదు. కానీ ఫొటోగ్రఫీలో డిగ్రీ అనో పీజీ అనో ఎవరైనా అంటే, డబ్బు కట్టకముందే యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో జాబితాలో ఆ సంస్థా, ఆ కోర్సూ రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. మిగతా బంగారు ముద్రలు గోడకి అందం. గుడివాడలో ఏ పెళ్ళివారూ ఫొటోగ్రాఫర్ని సర్టిఫికెట్ అడగరు. "మీరు చేసిన ఆల్బమ్ ఒకటి చూపించండి" అంటారు. బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ కూడా అంతే కదా! తొలి మెట్టు లైసెన్షియేట్‌కి పది ఫొటోలు ఒక వరసగా పెట్టమంటుంది, వాటిని చూసి తేలుస్తుంది. కోర్సులో చేరినా చేరకపోయినా ఆ పది ఫొటోల పద్ధతి మావాడికి నచ్చింది.

అసలు చిక్కు అసైన్‌మెంట్ల దగ్గర వస్తుంది. 'సముద్రం మీద సూర్యాస్తమయం' తీయమంటారు. మా మంగినపూడి బీచిలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలో గుంకడు, సాయంత్రానికి మన వీపు వెనక ఊళ్ళవైపు దిగిపోతాడు. సాయంకాలపు బంగారు వెలుతురులో తీరిగ్గా తీయమంటారు. పదహారో అక్షాంశం దగ్గర ఆ వెలుతురు యూరప్‌లోలా సాగదు, ట్రైపాడ్ కాళ్ళు బిగించేలోపు చీకటి పడుతుంది. 'మంచులో ఎక్స్‌పోజర్' అని ఇంకో పాఠం. నవ్వుకుని వదిలెయ్యకూడదు, అందులో విషయముంది. ఫ్రేమంతా తెల్లగా ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగులోకి లాగుతుంది, కాబట్టి ఒక స్టాపు పైన వెలుతురు ఎక్కువివ్వాలి. హిమాలయాలకి పోనక్కర్లేదు. మధుపర్కాలతో పీటల మీద కూర్చున్న వధూవరుల్ని తీస్తే చాలు, ఆ పాఠం అక్కడే ఉంది. ముహూర్తం కాస్తా దాటితే మళ్ళీ తీయడానికి కుదరదు కనుక గుర్తుంటుంది కూడా.

ఈ ప్రాంతానికి కావలసిన పాఠాలు వేరే ఉన్నాయి. పెడనలో కలంకారీ అద్దకం చూడండి. కరక్కాయ పట్టించిన గుడ్డ, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసిన నలుపు, పటిక అద్దినచోట రంగులో ఉడికాక తేలే ఎరుపు. ఆ ఎరుపు ట్యూబులైటు కింద ఫోన్‌తో తీస్తే ఇటుకరంగులో పడుతుంది. చీర అందుకున్న బెంగుళూరావిడ "ఫొటోలో రంగు ఇది కాదు" అని తిరగ్గొడుతుంది. ఒక తెల్ల కాగితాన్ని అదే వెలుతురులో పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోవడం పది నిమిషాల పాఠం. అది తెలిసినవాడికి పెడనలో పనికి లోటుండదు. చిలకలపూడి రోల్డుగోల్డు సంగతి మరీ గమ్మత్తు. గాజుని దగ్గరగా తీస్తే అందులో మన మొహం, మన ఫోనూ వంకరగా కనిపిస్తాయి. చుట్టూ తెల్ల థర్మోకోల్ నిలబెట్టి, పైన పల్చటి తెల్లగుడ్డ కప్పి, కిటికీ వెలుతురు ఆ గుడ్డలోంచి వచ్చేలా చూసుకోవాలి. అంతా కలిపి ఇంట్లో ఉన్నవే.

దివిసీమలో ఇంకో పని ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మనుషులు వేలమంది పోయారు, ఇళ్ళతోపాటు గోడల మీది ఫొటోలూ పోయాయి. తర్వాత తండ్రి బొమ్మ కావాలంటే బంధువుల ఇంట్లో దొరికిన పెళ్ళి గ్రూపు ఫొటోలో మూడో వరసలో ఉన్న తలే ఆధారం. గోరంత తల. దాన్ని కోసి, పెద్దది చేసి, భుజాలు గీసి, చొక్కా తొడిగి దండ వేయదగ్గ బొమ్మ చేసేవాళ్ళు స్టూడియోవాళ్ళు. ఇప్పుడు కంప్యూటరు మీట నొక్కితే కళ్ళూ ముక్కూ అదే కల్పించి ఇస్తోంది. నాకు ఆ బొమ్మలంటే నమ్మకం లేదు. అందంగా ఉంటాయి, ఆ మనిషివి కావు. పాత ఫొటోని శుభ్రంగా స్కాన్ చేసి, ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేసి, లేనిదాన్ని కల్పించకుండా ఆగడం నేర్పే కోర్సు ఉంటే అప్పు చేసైనా చేరమంటాను. నాగాయలంక, కోడూరు వైపు ఇంకా ఆ ముసలాళ్ళు, ఆ మసకబారిన గ్రూపు ఫొటోలూ ఉన్నాయి.

ఒక పక్కమాట. ఏ కోర్సూ చెప్పనిది లెన్సులో బూజు. మా ఉప్పుగాలికీ, వానాకాలపు చెమ్మకీ బీరువాలో పెట్టిన లెన్సు లోపల సాలెగూడులా తెల్లటి పోగులు పుడతాయి. బాగుచేయిస్తే లెన్సు ఖరీదులో సగం. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అడుగున సిలికా జెల్ సంచులు. రెండో లెన్సు కన్నా ముందు అది కొనాలి.

చివరికి అల్లుడు ఏం చేశాడంటే, మోమావాళ్ళది ఫీజు లేకుండా మొదలెట్టాడు, సర్టిఫికెట్ వద్దనుకున్నాడు. మిగిలిన డబ్బుతో నెలనెలా పది ఫొటోలు ప్రింటు వేయిస్తున్నాడు. దిద్దేవాడి కోసం ఇంకా వెతుకుతున్నాడు. నేను చూస్తే "బాగుంది రా" అంటాను, మేనమామని కదా, నా మాట పనికిరాదు.

అందుకని బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో స్టూడియోలు నడిపిన పెద్దవాళ్ళకి నాదొక మనవి. ఫిల్ము పోయింది, మీలో చాలామందికి షాపులో తీరిక ఉంది. ఏ కుర్రాడో, ఏ అమ్మాయో నాలుగు ప్రింట్లు పట్టుకుని మెట్లెక్కితే కాదనకండి. ఒక్క పదినిమిషాలు చూసి, ఎక్కడ చెడిందో మొహమాటం లేకుండా చెప్పండి. ఫీజు తీసుకున్నా తప్పులేదు.