ఎదుటివాని వంతులో

ఉద్యోగరీత్యా బెంగుళూరులో నుండు మా అబ్బాయి గత వేసవిలో ఇంటికి వచ్చి, తాను వ్రాసిన చదరంగపు ప్రోగ్రామును నాకు చూపెను. ఆడ కూర్చుంటిని. ఒకచోట పది నిమిషములు తర్కించుకొని గుర్రమును కదిపితిని. రెప్పపాటులో జవాబు వచ్చెను.

"ఇది ఆలోచింపకయే ఆడుచున్నదే!" అంటిని.

"లేదు నాన్నగారూ, మీరు ఆలోచించినంతసేపు అదియు ఆలోచించుచునే యున్నది" అని వాడు వివరించెను. తన ఎత్తు వేయునప్పుడే, దానికి ఎదుటివాడు వేయదగిన మంచి ఎత్తేదో దాని లెక్కలో తేలియుండును. అతడు దానినే వేసెననుకొని, అతని గడియారము నడుచుచుండగానే లెక్క ముందుకు సాగించును. ఊహ నిజమైనచో ఆ కాలమంతయు దానికి లాభము. దీనిని పాండరింగ్ అందురు. 2000 సంవత్సరములో రూడాల్ఫ్ హూబర్, స్టెఫాన్ మేయర్-కాలెన్ అనువారు ఏర్పరచిన యూసీఐ నియమావళిలో, ఊహ ఫలించినదని తెలుపుటకు 'పాండర్‌హిట్' అనియు, తప్పినచో ఆపుటకు 'స్టాప్' అనియు ఆజ్ఞలున్నవి. ఆపిన పిమ్మట, పట్టికలో దాచిన ఫలితములలో పనికివచ్చువాటిని మాత్రము ఉంచుకొని, నిజముగా వేసిన ఎత్తునుండి మరల మొదలుపెట్టును.

"ఆలోచింపజేయుట సులువే, ఆపించుటయే కష్టమైనది. మొదట్లో ఇది ఆగెడిది కాదు. నేనేమి వేసినను, తాననుకొన్న ఎత్తుకే జవాబిచ్చెడిది" అని నవ్వెను.

చదువరులారా, నాకు నవ్వు రాలేదు. ఎనిమిదేండ్ల క్రిందట ఒక రాత్రి వీడు నా గదికి వచ్చి, "నాన్నగారూ, నా ఉద్యోగము..." అని మొదలుపెట్టెను. మానివేయుదునని చెప్పబోవుచున్నాడని తలంచితిని. వాడు మాటలు వెదకుకొనుచుండగా నేను జవాబు కూర్చుకొంటిని, అరగంట బోధించితిని. వాడు తలవంచుకొని వెళ్లిపోయెను. ఆ ఊరిలో ఒంటరితనముతో నిద్రపట్టక యున్నానని చెప్పుటకు వచ్చెనని, నెల దినముల తరువాత వాని తల్లి చెప్పగా తెలిసెను. నేనెరిగియు ఆ మాట ఎత్తలేదు. అది మొదలు వాడు నాతో క్షేమసమాచారములే గాని మనసులోని మాట చెప్పలేదు. ఇతరుల బాధలు వినుటయే నా వృత్తి!

ముందుగా ఊహించుట దోషము కాదు. ఊహ తప్పినదని తెలిసినప్పుడైనను ఆగవలెను గదా.

పావులను ప్రక్కకు జరిపి, "నాయనా, ఆ రాత్రి నీవు చెప్పవచ్చినది నేను విననే లేదు. ఇప్పుడు చెప్పుదువా?" అని అడిగితిని. వాడు చాలసేపు మాటలాడలేదు. అది వాని వంతు. నేను ఏ జవాబును సిద్ధపరచుకొనక కూర్చుంటిని.