కల్లు చెడితే తప్పు చెట్టుదా, చేనుదా, కుండదా?

ఈసారి పత్తి గురించీ కాదు, యూరియా లైన్ల గురించీ కాదు. గట్టు మీది తాళ్ల గురించి రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి. మీ గట్టున కూడా నాలుగు తాళ్లుంటే ఇది మీకూ పనికొస్తుంది.

మా చెలకలో గట్టు పొంటి తొమ్మిది పోతుతాళ్లు ఉన్నాయి. వాటిని గీసే ఆయన్ను ఊరి వరసన మామా అంటాను. పోయిన ఎండాకాలం ఆ కల్లుకు ఒక వాసన మొదలైంది. పులుపు కాదు, కుళ్లు కాదు, దవాఖానలో అడుగు పెట్టగానే వచ్చే వాసన. తాగినవాళ్లు ముఖం తిప్పుకున్నారు. రెండు రోజుల్లో ఊరంతా ఒకటే మాట: "గా పక్క మిర్పచేనుకు మందు కొడుతుండు గదా, గదే కల్లులకు దిగింది." ఆ మిరపచేను నాది. మందు కొట్టింది కూడా నిజమే. కానీ ఆ మాట నిలబడితే నా మిరపకాయ ఎవరు కొంటారు? మామ కల్లు ఎవరు తాగుతారు? అందుకే ఇద్దరం కూర్చొని, తప్పు ఎక్కడుందో చెట్టు చెట్టుకూ వెతికాం.

ముందు ఒక సంగతి చెప్పాలి. గెల కోసినచోట కారేటప్పుడు అది కల్లు కాదు, తియ్యటి నీరే. నూరు పాళ్లలో పది పన్నెండు పాళ్ల వరకూ చక్కెరే. దాన్ని కల్లు చేసేది ఈస్టు. బీరును పులియబెట్టేది కూడా ఆ జాతే. తేడా ఏంటంటే, బీరు చేసేవాళ్లు మొలకెత్తించిన బార్లీ నీళ్లను బాగా మరగబెట్టి, ఉన్న సూక్ష్మజీవులన్నిటినీ చంపి, చల్లార్చి, తమకు కావలసిన ఈస్టునే వేస్తారు. మనం కల్లును మరగబెట్టలేం. గాలి, తేనెటీగ, ఈగ, కుండ ఏది తెస్తే అదే పని చేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ తెచ్చేది కుండే. పొద్దున ఒంపుకున్నాక అడుగున మిగిలిన నాలుగు చుక్కలే సాయంత్రం కల్లుకు తోడు. పాలకు పుల్లటి పెరుగు తోడేస్తే తియ్యటి పెరుగు ఎట్ల వస్తది?

ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1856లో ఫ్రాన్సులోని లీల్ పట్నంలో బీట్‌రూట్ రసంతో సారా తీసే ఒకాయనకు కొన్ని తొట్లు పులిసిపోతుంటే పాశ్చర్ దగ్గరికి పోయాడు. పాశ్చర్ సూక్ష్మదర్శినిలో చూస్తే మంచి తొట్టిలో గుండ్రటి ఈస్టు కనిపించింది, చెడిన తొట్టిలో సన్నటి పుల్లల్లాంటివి కనిపించాయి. రసం ఒకటే, తొట్టిలో చేరిన జీవులు వేరు. కుక్క కాటు మందుకన్నా చాలా ముందే ఆయన చేసిన పని ఇది.

మేం చేసింది సులువైన పనే. తొమ్మిది చెట్ల కల్లు కలపకుండా, వేటికవే దింపి రుచి చూశాం. ఐదింటికి వాసన ఉంది, నాలుగింటికి లేదు. మిరపచేనుకు ఆనుకున్న చెట్టు కల్లు శుభ్రంగా ఉంది, దూరంగా బాట పక్కన ఉన్న చెట్టు కల్లుకు వాసన! అక్కడికే నా గుండె కాస్త కుదుటపడ్డది. కానీ ఊరికి అంత రుజువు చాలదు. మర్నాడు గిన్నెలు మార్చాం. బాగున్న చెట్టుకు వాసన చెట్టు డబ్బా కట్టాం, వాసన చెట్టుకు కొత్త మట్టి లొట్టి కట్టాం. ఇంకో రోజుకు వాసన డబ్బాతోపాటే చెట్టు మారింది. చెట్టుదీ కాదు, చేనుదీ కాదు.

ఆ ఐదూ ప్లాస్టిక్ డబ్బాలు. పగలవు, బరువుండవు అని మామ ఆ ఏడే మార్చాడు. తొందరగా పులుస్తున్నాయని ఎవరో చెబితే బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగి, మంచినీళ్లతో తొలచకుండానే కట్టాడు. బీరు ఇంట్లో చేసుకునే దేశాలవాళ్లకు ఇది బాగా తెలిసిన జబ్బు. నీళ్లలోని క్లోరిన్, పులిసేదాంట్లోని ఫినాల్ జాతి పదార్థాలు కలిస్తే డెట్టాల్ లాంటి వాసన పుడుతుంది. చుక్కంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. వాళ్లు పంపు నీళ్లను కూడా క్లోరిన్ పోగొట్టాకే వాడతారు.

మరి డబ్బాలు ముందెందుకు పులిశాయి? ప్లాస్టిక్‌ను పీచుతో రుద్దితే గీతలు పడతాయి. ఆ గీతల్లో చేరిన పులుపు జీవులు మామూలు కడుగుడుకు పోవు. మా దగ్గర పాతవాళ్లు లొట్టిని కడిగి, మంట మీద బోర్లించి కాకచూపి, ఎండలో పెట్టేవాళ్లు. వాళ్లకు పాశ్చర్ తెలియదు, పని మాత్రం అదే. ప్లాస్టిక్‌ను మంట మీద పెట్టలేం కదా!

ఇక మిగతా వాసనల సంగతి. పెరుగు పులుపు కొంత ఉండటం కల్లు గుణమే, దానికి భయపడొద్దు. ముక్కుకు ఘాటుగా సిర్కా కొడితే మాత్రం గాలి ఎక్కువ తగిలిందని అర్థం. సారాను సిర్కా చేసే జీవులకు గాలి కావాలి, వాటిని మోసుకొచ్చేది పండ్ల మీద వాలే చిన్న ఈగలు. సగం ఖాళీ డబ్బాను ఎండలో పెట్టి మాటిమాటికీ మూత తీస్తే మధ్యాహ్నానికే చేతికి రాదు. నిండా పోసి, గుడ్డ కట్టి, నీడన తడి గోనెపట్టా చుట్టండి. తీగలా సాగితే కొన్ని బ్యాక్టీరియాలు చక్కెరను జిగురు చేశాయని, ఆ కుండ పారేయడమే మేలు. కోడిగుడ్డు కుళ్లిన వాసన కొంచెం వస్తే కాసేపు తెరిచి ఉంచితే తగ్గుతుంది. కల్లు అసలు పొంగకుండా చప్పగా ఉంటే కుండలో సున్నం మిగిలిందేమో చూడండి. నీరా కోసం సున్నం పూసేది పులియకుండా ఉండటానికే.

ఒక్కటి మాత్రం ఏ కుండ తప్పూ కాదు. పొద్దున తాగినా రాత్రి తాగినా ఒకటే రుచి, గ్లాసుకే మత్తు, కాళ్లు తేలిపోవడం. చెట్టు కల్లు గంటగంటకూ మారాల్సిందే. మారట్లేదంటే అది చెట్టుది కాదు, క్లోరల్ హైడ్రేటో, డైజెపామో, అల్ప్రాజోలమో కలిపిన నీళ్లు. మా కల్లుకు వాసన వచ్చిన ఆ పది రోజులూ మా ఊరివాళ్లు కొందరు పోయింది అలాంటి కల్లు దగ్గరికే. అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఏదేదో మాట్లాడటం, ఫిట్స్ రావడం కూడా ఉంటుంది. మీ ఇంట్లో అట్ల ఎవరికైనా అయితే దయ్యం పట్టిందని తిరగకండి, వెంటనే దవాఖానకు తీసుకుపోండి. ఏం తాగేవాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

మామ డబ్బాలన్నీ తీసేశాడు. కుమ్మరి దగ్గర పన్నెండు లొట్లు తెచ్చాడు, అందులో మూడు మొదటి వారంలోనే పగిలాయి. "అల్లుడా, పగిలినా గిదే నయం, పగిలిందని తెలుస్తది" అన్నాడు. పోయినవాళ్లలో సగంమంది తిరిగొచ్చారు, మిగతా సగం ఇంకా రాలేదు. ఈ చలికాలం ఈదులు గీసేటప్పుడు కూడా లొట్లే కడతానంటున్నాడు. మీ దిక్కు లొట్టి ఎట్ల శుద్ధి చేస్తారో, కాక చూపేటప్పుడు ఏ ఆకు వాడతారో రాయండి, మామకు చదివి వినిపిస్తా.