ఇనుము దిగివచ్చు త్రోవ

బైలదిల్లా యనగా ఎద్దు మూపురము. బస్తరు సీమలోని యా కొండవరుస నిజముగనే మోపు మోసిన వృషభమువలె నుండును. దాని యొడిలో కిరండూలుకడ బయలుదేరి, సుమారు 446 కిలోమీటర్లు నడచి, కొత్తవలసకడ మైదానమున కలియు కె.కె. రైలు లైనును నేను నదిగనే తలచెదను. 1960లో జపానుతో కుదిరిన ముడియినుము ఒడంబడిక దీనికి మూలము; 1966-67 నాటికి మార్గము తెరువబడినది.

అయితే ఏ నదియు చేయని పని యొకటి దీనికి తప్పలేదు. జగదల్‌పూరు దాటి జయపురము చేరిన బరువుబండి, పోవలసినది సముద్రమునకే యైనను, ముందుగా కోరాపుట్టు పీఠభూమి నెక్కవలెను. దుడుమకడ విద్యుత్తునకు నీరిచ్చు మాచ్‌ఖండ్ నది పేరిటి స్టేషనును, అరకును గడచి, 996 మీటర్ల యెత్తుననున్న శిమిలిగుడను చేరినపిమ్మటనే దానికి దిగుడు ప్రాప్తించును.

ఈ ఎగుడుదిగుళ్లలో డీజిలు ఇంజనుల యేలుబడి స్వల్పకాలమే. 1980-82లలో 25,000 వోల్టుల తీగ కొండలపై సాగి, 58 సొరంగముల చీకటిలోనికిని చొచ్చినది. అందులో నిలిచిపోవు పొగ తొలగినది, ఇంజను తన చమురును తానే మోయవలసిన పని తప్పినది. నేటి త్రీఫేజ్ ఇంజనులలోనైతే, బండి దిగునపుడు మోటార్లే జనరేటర్లయి ఆ వేగమును విద్యుత్తుగ మార్చి తీగకు తిరిగి యిచ్చును. కొండను వీడు ఇనుము కొంత బలమును వెనుకకు చెల్లించుచున్నదని తలచినపుడు నా మనస్సు చల్లబడును. కాని కొండవారికి చెల్లినదేమని యడిగినంతనే ఆ చల్లదనము నిలువదు.

బొఱ్ఱా గుహలకు పైగా రైలు పోవుచుండ, క్రింద గోస్థని పారును. ఆ యేరు తాటిపూడి జలాశయమున నిలిచి, పొలములకును విశాఖ దప్పికకును నీరిచ్చి, భీమునిపట్టణమున కడలి జేరును. ఇనుపరాయి మాత్రము చిమిడిపల్లి, త్యాడ, బొడ్డవరలలో ఎవరి గడపను తాకకయే పోవును. కొండదొరలకును, వాల్మీకులకును, పోర్జలకును ఆ పట్టాలపై తమదని చెప్పుకొన దగినది కిరండూలు ప్యాసింజరొక్కటే: పనసకాయలు, అడ్డాకులు, కొండచీపుళ్లు కట్టలుగ నెక్కును, సంతబేరములు పెట్టెలోనే మొదలగును.

అరువదింట నొకపాలు వాలున దిగివచ్చిన బరువుబండి శృంగవరపుకోటకడ ఊపిరి పీల్చుకొనును. ఆ రాతిలో కొంత విశాఖ ఉక్కు కొలుములకు చేరగా, కొంత 1976లో తెరువబడిన ఔటర్ హార్బరున ఓడల కెక్కును. అడుగున ఎఱ్ఱని ధూళి మిగిలిన వట్టి వ్యాగనులు తిరిగి కొండముఖము పట్టును.