గ్రాండ్ నదీతీరమున ఒక దినము

కెనడా దేశమున ఆంటారియో రాష్ట్రపు దక్షిణభాగమున, టొరంటో నగరమునకు నైరృతి దిశగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున, పారిస్ అను చిన్న పట్టణ మొకటి కలదు. పేరు వినగానే ఫ్రెంచివారి రాజధాని జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని ఈ యూరికి ఆ మహానగరముతో కలిగిన చుట్టరికము మన్నువలన వచ్చినది. ఇచ్చటి నదీతీరపు గట్లలో జిప్సము అను తెల్లని ఖనిజము పొరలు పొరలుగా నున్నది. దానిని కాల్చి పొడి చేసినచో, విరిగిన యెముకలకు వైద్యులు కట్టు కట్టెడి పారిస్ ప్లాస్టరు తయారగును. పూర్వము ఫ్రాన్సు రాజధాని చెంత ఈ ఖనిజము విరివిగా దొరకుటచే ఆ పిండి కా పేరు వచ్చెను. ఆ పిండివలన ఈ యూరికి వచ్చెను. 1829లో ఇచ్చటి భూమిని కొని పట్టణమునకు పునాది వేసిన హైరం కేప్రన్ అను నాతడు జిప్సమును త్రవ్వించి అమ్మెను. రైతులు దానిని ఎరువుగా పొలములలో చల్లుకొనుచుండిరి.

టొరంటోలో కాపురమున్న మావంటివారికి ఇది ఒక్క దినములో పోయి చూచి రాదగిన యూరు. రైళ్ళు ఊరిచెంత నదిపై నున్న యెత్తయిన వంతెనమీదుగా పరుగెత్తునే గాని ప్రయాణికులకై ఇచ్చట ఆగవు. కావున మోటారు కారుననే పోవలయును. అక్టోబరు మాసమున ఒక శనివారమునాడు, మంగళగిరినుండి మమ్ము చూడవచ్చిన మా పిన్నిగారును, నేనును, పదేండ్ల మా చిన్నదియు ఉదయమే బయలుదేరితిమి. పులిహోరయు, పెరుగన్నమును, మాగాయయు, ఫ్లాస్కునిండ కాఫీయు వెంట నుంచుకొంటిమి. ఆ మాసమున మేపుల్ చెట్ల యాకులు రాలుటకు ముందు ఎఱ్ఱబడును. బాటకు రెండుప్రక్కలను మోదుగులు పూచినట్లుండెను.

ఊరి నడుమ రెండు నదులు కలియును. ఉత్తరమునుండి వచ్చునది గ్రాండ్ నది; పడమటినుండి వంకలు తిరుగుచు వచ్చి దానిలో చేరునది నిత్ నది. పట్టణ మేర్పడకముందు ఈ చోటిని నదీసంగమ మనియే వ్యవహరించుచుండిరి. గ్రాండ్ నది సుమారు 280 కిలోమీటర్లు ప్రవహించి ఈరీ సరస్సున పడును. కెనడా వారసత్వ నదులలో ఒకటిగా 1994లో దీనిని గుర్తించిరి. మన కృష్ణవలె విశాలమైనది కాదు. ఎండకాలము చివర లోతు తక్కువగా నుండి అడుగున నున్న రాళ్ళు కనబడుచుండును. చిన్న పడవలలో యువతీయువకులు తెడ్లు వేయుచు బ్రాంట్‌ఫర్డ్ నగరమువైపు పోవుచుండిరి.

ఈ నదీతీరపు కథ కేప్రన్‌తో మొదలైనది కాదు. 1784లో బ్రిటిషు గవర్నరు హాల్డిమండు ఈ నది కిరుప్రక్కల ఆరేసి మైళ్ళ వెడల్పున భూమిని హోడెనొషోని అనబడు ఆరుజాతుల సమాఖ్యవారికి ఇచ్చెను. అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున బ్రిటిషువారి పక్షమున పోరాడి తమ పూర్వపు నేలను కోల్పోయినందులకు ఇది వారికి దక్కిన పరిహారము. నేడు అందులో నూటికి అయిదుపాళ్ళు మాత్రమే వారి చేత నున్నది. వారి నివాసభూమి బ్రాంట్‌ఫర్డ్‌కు దిగువ నిదే నది యొడ్డున కలదు. ఆ జాతులలో వంశము తల్లినిబట్టి సాగును. నాయకుని నియమించుటకును, తప్పు చేసినచో తొలగించుటకును అధికారము వంశమాతలది. 1924లో కెనడా ప్రభుత్వము ఆ సంప్రదాయసభను త్రోసిరాజని ఎన్నికల సభను ఏర్పరచెను. ఆ యెన్నికలలో స్త్రీలకు ఓటు లేకుండెను. 1951లో చట్టము మారినపిదపగాని ఆ హక్కు వారికి రాలేదు. నాయకుల నెన్నుకొనెడి తల్లులకు ఓటు లేదనుట పిన్నిగారికి మిక్కిలి వింతగా తోచెను.

ప్రధాన వీధికి గ్రాండ్ నది పేరే పెట్టిరి. ఆ వీధిలోని అంగళ్ళ ముఖములు బాటవైపు, వీపులు నదివైపు నుండును. ఆవలి యొడ్డునుండి గాని వంతెనమీదినుండి గాని చూచినచో, ఇటుకమేడల వెనుకభాగములు నీటిపైకి వ్రేలాడుచున్నట్లు కనబడును. చిత్రకారులును ఛాయాగ్రాహకులును ఇచ్చటికి వచ్చునది ఈ దృశ్యమునకై.

ఊరిలో తప్పక చూడవలసినవి గులకరాళ్ళ యిండ్లు. పిడికిలియంత నునుపైన రాళ్ళను ఏరి, ఒకే కొలతవానిని వరుసలుగా సున్నములో కూర్చి గోడలు కట్టిరి. దూరమునుండి చూచినచో ముత్యాలకోవలు అడ్డముగా పేర్చినట్లుండును. ఈ పనితనమును న్యూయార్కు రాష్ట్రమునుండి తెచ్చినవాడు లీవై బౌటన్ అను తాపీమేస్త్రి. సెంట్ జేమ్స్ దేవాలయము 1839లో ఈ పద్ధతిని కట్టబడినది. అట్టి కట్టడములు ఈ చిన్న యూరిలో పదికి పైబడి యున్నవి. కెనడాలో మరెక్కడను ఒకేచోట ఇన్ని కానరావు. పిన్నిగారు గోడను చేతితో తడవి, “అమ్మాయీ, కట్టినవాని పేరు చెప్పితివి గదా, ఇన్నివేల రాళ్ళను ఏరినవా రెవరు?” అనిరి. నావద్ద బదులు లేకుండెను.

అదే వీధికి మరియొక ప్రసిద్ధి కలదు. 1876 ఆగస్టు 10వ తేదీ రాత్రి అలెగ్జాండరు గ్రాహం బెల్ ఈ యూరి చెప్పుల అంగడిలో, టెలిగ్రాఫు కార్యాలయమున్న చోట, టెలిఫోను యంత్రమును చెవికి చేర్చుకొని కూర్చుండెను. సుమారు 13 కిలోమీటర్ల దూరమున నున్న బ్రాంట్‌ఫర్డ్‌లో ఆయన తండ్రియు బంధువులును మాటలాడిరి, పాటలు పాడిరి. దూరపు టెలిఫోను సంభాషణములకు ఇదియే మొదలు. కాని ఆ రాత్రి శబ్దము ఒక్క దిక్కుననే వచ్చెను. బ్రాంట్‌ఫర్డ్‌వారి మాట పారిస్‌లో వినబడెను గాని, పారిస్‌నుండి బదులు చెప్పవలెనన్న టెలిగ్రాఫు తీగనే ఆశ్రయింపవలసి వచ్చెను. ఇపుడు ప్రతిరాత్రి చేతిలోని చిన్న యంత్రమున మంగళగిరిలోని మనుమలను చూచుచు మాటలాడెడి పిన్నిగారికి ఈ కథ మిక్కిలి నచ్చెను.

మధ్యాహ్నము నిత్ నది యొడ్డున నున్న ఉద్యానమున ఒక మేపుల్ చెట్టు క్రింద భోజనము చేసితిమి. గాలి చల్లగా నుండినను ఎండ హాయిగా నుండెను. కాఫీ త్రాగి, నదివెంబడి పెన్‌మన్ ఆనకట్టవైపు నడచితిమి. పడవవారు అచ్చట దిగి, పడవను మోసికొనిపోయి, ఆవల మరల నీట దింపుచుండిరి. ఈ యూరి నిజమైన చరిత్ర ఈ పెన్‌మన్ అను పేరిలోనే యున్నది.

జాన్ పెన్‌మన్ 1868లో ఇచ్చట ఒక అల్లిక మిల్లు నెలకొల్పెను. నదీజలముల బలముచే చక్రములు తిరిగెను. మేజోళ్ళు, లోదుస్తులు, ఉన్ని చొక్కాలు ఇచ్చట తయారై దేశమంతట అమ్ముడుపోయెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి కెనడాలో అల్లిక వస్త్రములు చేయువారిలో ఈ కంపెనీ అగ్రస్థానము నందెను. అచ్చటి పనివారిలో హెచ్చుమంది స్త్రీలు. దారము చుట్టుట, యంత్రములపై అల్లుట, మేజోటి మునివ్రేళ్ళకడ కన్నులను ఒక్కొక్కటిగా సూదులపై నెక్కించి కలుపుట, తప్పిన కుట్లను సరిచేయుట — ఇవి వారి పనులు. నిపుణులు చాలకపోగా, ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో కంపెనీవారు ఇంగ్లండు మధ్యప్రాంతపు అల్లిక పట్టణములనుండి వందలకొలది పనివారిని రప్పించిరి. వారిలో పెక్కుమంది పెండ్లికాని యువతులును, విధవలును. ఓడకూలి కంపెనీయే ముందుగా చెల్లించి, పిమ్మట జీతమునుండి మినహాయించుకొనుచుండెను.

ఈ స్త్రీల చరిత్రను జాయ్ పార్ అను చరిత్రకారిణి 1990లో ప్రకటించిన గ్రంథమున విపులముగా వ్రాసిరి. ఆ కాలమున కెనడాలో స్త్రీ పెండ్లియైన వెంటనే కూలిపని మానివేయుట వాడుక. పారిస్‌లో మాత్రము స్త్రీలు పెండ్లి తరువాతను, బిడ్డలు కలిగిన తరువాతను మిల్లునకు పోవుచుండిరి. చంటిబిడ్డలను పొరుగు స్త్రీలు చూచుచుండిరి. పెక్కు సంసారములకు భార్య జీతమే యాధారము. భర్తలు కొందరు వంటపనియు ఇంటిపనియు పంచుకొనుచుండిరి. అందులకు ఊరిలో ఎవరును నవ్వలేదు. అయినను మిల్లులో మేస్త్రిపని పురుషులదే. జీతములును పురుషులకే హెచ్చు. ఇల్లు నడపెడి బాధ్యత స్త్రీలకు వచ్చినను, ఆ బాధ్యతకు తగిన విలువ మాత్రము రాలేదు.

ఈ మాటలు వినుచు పిన్నిగారు చాలసేపు నీటిని చూచుచు నిలుచుండిరి. వారి పుట్టినింట నాలుగు మగ్గము లుండెడివి. పిమ్మట ఇట్లు చెప్పిరి. “మా అమ్మ వేకువజామున లేచి రాట్నముపై కండెలు చుట్టెడిది. పడుగు సాగదీయునప్పుడు ఆమెయు మా మేనత్తయు లేనిది పని సాగెడిది కాదు. చీర పూర్తియై షావుకారు మజూరి ఇచ్చునప్పుడు మాత్రము పుస్తకములో నాన్నగారి పేరు ఒక్కటియే వ్రాసెడివాడు. మా అమ్మ పనిచేసినదని ఎవరు నడిగినను, ‘ఇంటిలో నుండును’ అని చెప్పెడివారము. ఈ దొరసానులకు తక్కువో యెక్కువో, తమ జీతము తమ చేతికి వచ్చినది గదా!” వారి మాటలో దుఃఖముకంటె లెక్క తేల్చుకొను ధోరణియే హెచ్చుగా నుండెను.

జీతము చేతికి వచ్చినంతమాత్రమున కష్టము తీరలేదనుటకు 1949నాటి సమ్మె సాక్ష్యము. ఆ శీతకాలమున పెన్‌మన్ మిల్లు పనివారు తమ కార్మిక సంఘముతో కలిసి పని నిలిపివేసిరి. ఆ సంఘమునకు కెనడాలో నాయకులైనవారిలో మడెలీన్ పేరెం అను స్త్రీ యొకరు. గడ్డకట్టు చలిలో మిల్లు వాకిళ్ళకడ స్త్రీలు నిలిచిరి. అయితే ఊరు రెండుగా చీలెను. ఒకే వీధిలో నుండి, ఒకరి బిడ్డల నొకరు పెంచిన స్త్రీలలో కొందరు సమ్మెలో నిలువగా, కొందరు పనికి పోయిరి. వసంతము వచ్చునప్పటికి సమ్మె ఓడిపోయెను. వారు కోరినది వారికి దక్కలేదు.

నేడు అల్లిక యంత్రముల చప్పుడు ఈ యూరిలో లేదు. పెన్‌మన్ కంపెనీ మిల్లులు మూతపడి ఏండ్లు గడచినవి. విన్సీ మిల్లు అను వేరొక పాత మిల్లులో ఇపుడు అంగళ్ళును ఫలహారశాలలును కలవు. విన్సీ యనగా నూలు పడుగు, ఉన్ని పేకగా నేసిన గుడ్డ. పిన్నిగారికి ఆ మాట వివరించి చెప్పవలసిన పనిలేకపోయెను. పూర్వము రైళ్ళు నడచిన నదీతీరపు బాట నొకదానిని ఉత్తరమున నున్న కేంబ్రిడ్జి పట్టణము వరకు, సుమారు 18 కిలోమీటర్లు, కాలిబాటగా మార్చిరి. చెట్ల నీడను, నదికి పైగా సాగు ఆ బాటపై వృద్ధులును సైకిళ్ళవారును నిర్భయముగా పోవుచుండిరి. మేమును కొంతదూరము నడచితిమి. మా చిన్నది రాలిన యాకులను ఏరి ఒడి నింపుకొనెను.

టొరంటో ప్రాంతమున నున్న మన సోదరీమణులు మే మాసమునుండి అక్టోబరు వరకు ఎప్పుడైనను ఈ యూరికి పోయి రావచ్చును. నదియు, గులకరాళ్ళ గోడలును కన్నుల కింపు గొల్పును. అయితే ఆ మేడల వెనుక ఏ చేతులు పనిచేసినవో తెలిసికొని చూచినచో ఆ యూరు మరింత బాగుగా అర్థమగును. ఇచ్చట కట్టినవాని పేరును, మిల్లు పెట్టినవాని పేరును వీధులలోనే తెలియవచ్చును. మేజోటి కన్నులను కలిపిన స్త్రీల కథ మాత్రము, ఒక చరిత్రకారిణి ముసలివారి యిండ్లకు పోయి అడిగి వ్రాసికొనుటచేతనే మనకు దక్కినది.

మంగళగిరి, చీరాల, పోచంపల్లి, గద్వాల మొదలగు చోట్ల కండెలు చుట్టిన తల్లులు నేటికిని కొంద రున్నారు. వారి నడిగి వ్రాయువారు ఎందరు? ఇంటిలో పెద్దవారు కలవారు ఒక పుస్తకమును కలమును తీసికొని, వారు ఏ వయస్సున రాట్నముకడ కూర్చుండిరో, దినమునకు ఎన్ని కండెలు చుట్టిరో, మజూరి ఎవరి పేర వ్రాయబడెనో అడిగి తేదీ వేసి వ్రాసియుంచుట మంచిది. మా పిన్నిగారు చెప్పినదానిని మా చిన్నది ఆ వారమే తన పాఠశాల పుస్తకమున వ్రాసికొన్నది. అందు మొదటి పంక్తి ఆ తల్లి పేరు.